గురవమ్మ పాటల డిస్కు

గుంటూరు శివార్లలోని ఒక ప్రైవేటు కాలేజీలో లాల్ అహ్మద్ సర్వర్లు చూసేవాడు. కాలేజీ ఫైళ్లన్నీ ఒకే డిస్కుల పెట్టెలో ఉండేవి. దాన్ని రెండు సర్వర్లు పంచుకునేవి. ఒకటి ఆగినా రెండోది పని నడిపిస్తుంది. కాకపోతే ఒక షరతు: పక్క సర్వరు పలకడం మానేస్తే ముందు దాని కరెంటు తీసేశాకే దాని పని అందుకోవాలి. లేదంటే రెండూ బతికే ఉండి, ఒకదానికి తెలియకుండా ఒకటి అదే చోట రాసేస్తాయి. ఆ కరెంటు తీసే పని సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది.

2006 వేసవిలో ఆన్‌లైన్ పరీక్షలు జరుగుతుండగా నెట్‌వర్క్ ఊగిసలాడి, ఆ ఏర్పాటు మంచి సర్వరునే మాటిమాటికీ ఆపేసింది. ప్రిన్సిపాల్ కేకలేశాడు. అహ్మద్ దాన్ని తీసేశాడు. పరీక్షలయ్యాక మళ్లీ పెడదామనుకున్నాడు. పరీక్షల వెనకే అడ్మిషన్లొచ్చాయి. పెట్టాలంటే సర్వర్లు రెండూ కాసేపు ఆపాలి, ఆపితే ఎవరో ఒకరు అరుస్తారు. అలా వాయిదా పడుతూనే ఉంది.

అక్కడే తెలుగు చెప్పే రెబ్కా, ఆ ఏడాదే పెదనందిపాడు వైపు మిరపకోతల్లో ఆడవాళ్లు పాడే పాటలు రికార్డు చేసింది. ఎక్కువ పాడింది గురవమ్మ అనే ముసలామె.

"మా సర్వర్లో పెట్టండి మేడమ్. మీ ఇంట్లో కంటే భద్రం," అన్నాడు అహ్మద్.

ఆ మాట నమ్మి రెబ్కా తన దగ్గరున్నవి చెరిపేసింది. వానలు పడేనాటికి గురవమ్మ పోయింది.

దసరా సెలవుల తర్వాత ఒక మధ్యాహ్నం, కరెంటు ఎగుడుదిగుళ్లకు సర్వర్లను కలిపే నెట్‌వర్క్ స్విచ్ కాలిపోయింది. ఏ సర్వరుకు ఆ సర్వరు రెండోది పోయిందనుకుంది. రెండూ ఒకే డిస్కు మీద రాయడం మొదలుపెట్టాయి. అహ్మద్ పరుగెత్తుకొచ్చి ఆపేసరికే ఫైళ్లు చిందరవందరయ్యాయి. ఆఫీసు ఫైళ్లకు వేరే కాపీ ఉంది. పాటలకు లేదు. ఒక ఫైలు తెరిచి హెడ్‌ఫోన్ పెట్టుకుంటే బుసమనే చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

"మన కరెంటు సంగతి తెలిసిందేగా. నువ్వేం చేస్తావులే," అన్నాడు ప్రిన్సిపాల్. అహ్మద్ తలూపాడు.

రెబ్కా ఏడ్చింది. ఏడుస్తూనే, "మీరు అన్నం కూడా తినలేదటగా. వెళ్లి తినండి అహ్మద్ గారూ," అంది. తిడితే తట్టుకునేవాడేమో. ఆ మాటకు మాత్రం అక్కడ నిలబడలేక బయటికెళ్లిపోయాడు. తిరిగొచ్చి చెప్పేశాడు.

"కరెంటు కాదు మేడమ్. ఇలా జరక్కుండా ఒక ఏర్పాటుంటుంది. నేనే తీసేశాను. మళ్లీ పెట్టలేదు."

"మరి భద్రమన్నారు?"

రెబ్కా కళ్లు తుడుచుకుంది.

"గురవమ్మ కూతురు ఆ పాటల సీడీ కోసం ఎదురుచూస్తోంది. ఆమెకు నేను చెప్పలేను. మీరే చెప్పండి," అందామె.

ఆదివారం బస్సెక్కి గురవమ్మ ఊరికి వెళ్లాడు. గురవమ్మ కూతురు నాగజ్యోతి చేలోంచి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటోంది. రెబ్కా మేడమ్ కాలేజీ నుంచి వచ్చానన్నాడు.

"అమ్మ పాటలు తెచ్చావా అన్నా?"

"లేవమ్మా. పాడైపోయాయి. తప్పు నాదే."

ఆమె చేతిలోని చెంబు కింద పెట్టింది.

"ఫొటో కూడా లేదు మాకు. ఆ గొంతొకటి ఉందిలే అనుకున్నా. జాగర్త చేయలేనోడివి ఎందుకు తీసుకున్నావయ్యా?" అని లోపలికి వెళ్లిపోయింది. మళ్లీ బయటికి రాలేదు.

ఆ వారమే అహ్మద్ ఎవరు అరిచినా వినకుండా సర్వర్లు ఆపి, తీసేసినదాన్ని మళ్లీ పెట్టాడు. ప్రిన్సిపాల్‌కీ నిజం చెప్పాడు. ఉద్యోగం పోలేదు. పోయుంటే కాస్త తేలిగ్గా ఉండేదేమో అనిపించింది.

మరుసటి మిరపకోతలకు రెబ్కా మళ్లీ రికార్డర్ పట్టుకుని బయల్దేరింది. అహ్మద్ అడిగి మరీ ఆమె వెంట వెళ్లాడు. నాగజ్యోతి అతని వైపు చూడలేదు. రెబ్కా బతిమాలితే కాయలు కోస్తూనే తల్లి పాట ఎత్తుకుంది. రెండో చరణం మధ్యలో ఆగిపోయింది.

"ఇక్కడ అమ్మ సాగదీసి పాడేది. నాకు రాదు," అంది.

అహ్మద్ మైకు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.