ఇంటివాడికి చెప్పని మాట

కొమురయ్య పోయాక పదకొండు రోజులూ ఆ ఇంటికి మనుషులు వస్తూనే ఉన్నారు. వచ్చినవాళ్లంతా కబడ్డీ మాటే ఎత్తారు. మందుల ఫ్యాక్టరీ ప్యాకింగ్ సెక్షన్లో ఇరవై ఏళ్లు నిలబడి పని చేశాడని ఎవరూ అనలేదు. "అన్న లేకుంటే మన ఊరికి టీమే లేకపోవు" అన్నారు. వాళ్లు గెలిచిన కప్పుల లెక్క చెబుతుంటే ఆయన భార్య దేవమ్మ గోడకు ఆనుకుని తల ఊపింది. ఆమె కళ్ల ముందు మాత్రం ఒకటే సీజను తిరుగుతూ ఉంది. కప్పు రాని సీజను. తన తమ్ముడు యాదన్న ఆ గడప తొక్కడం మానేసిన సీజను.

వాళ్లది బొంతపల్లికి దగ్గరలోని ఊరు. కొమురయ్యకు మూడెకరాలుండేవి. రెండెకరాలు ఫ్యాక్టరీ ప్రహరీ లోపలికి పోయాయి. మిగిలిన ఎకరంలో ఓ పక్క చదును చేసి, ఎర్రమట్టి పోసి, ఊక కలిపి ఆట స్థలం చేశాడు. దేవమ్మ కాపురానికి వచ్చిన కొత్తలో ఆ మట్టి తడపడానికి బిందెలతో నీళ్లు మోసింది. "ఊరంతా పంటకు నీళ్లు పెడ్తరు, నా కోడలు ఆటకు పెడ్తది" అని అత్త దెప్పేది. కొమురయ్య మాత్రం ఉలకడు, పలకడు. ఆయన మాటల్లో పొదుపరి. నవ్వినా మీసం కింద నవ్వేవాడు.

తల్లి పోయినప్పుడు యాదన్నకు పద్నాలుగేళ్లు. అక్క ఇంటికి వచ్చి బావ వెనకాలే తిరిగాడు. బావే ఫ్యాక్టరీలో పెట్టించాడు, బావే ఆట నేర్పాడు. కబడ్డీలో మూలన నిలబడేవాడి పని కష్టమైనది. కూతకు వచ్చినవాడి మడమ వాడు వంగి దొరకబుచ్చుకుంటేనే మిగతావాళ్లు మీద పడతారు. యాదన్న కాలివేళ్లు మట్టిలో గుచ్చి, పక్కవాడి చెయ్యి పట్టుకుని, కళ్లు అరమూసినట్టు నిలబడేవాడు. పట్టాడంటే ఉడుంపట్టే. పక్కవాడి అరచేతిని ఒకసారి నొక్కితే 'ఇప్పుడు కాదు' అని, రెండుసార్లు నొక్కితే 'దూకు' అని. ఆ చేతి భాష టీమంతటికీ వాడే అలవాటు చేశాడు.

ఏటా మొదటి ఆటకు ముందు కొత్త బనీన్లు బొంతపల్లి వీరభద్రస్వామి ముందు పెట్టి, కొమురయ్య ఒక్కొక్క పేరే పిలిచి చేతికిచ్చేవాడు. ఎవరి నంబరు వాళ్లది. ఏడో నంబరు పదహారేళ్లుగా యాదన్నదే.

ఆ సంవత్సరం ఫ్యాక్టరీ చేతులు మారింది. కొత్త యజమానులు, కొత్త ఆఫీసు. శివరామకృష్ణ అనే ఆఫీసరు వచ్చి కొమురయ్యను కుర్చీలో కూర్చోబెట్టి చెప్పాడు. "కొమురయ్య గారూ, మట్టిలో ఆడే రోజులు అయిపోయాయి. ఆరు ఫ్యాక్టరీలు కలిసి పటాన్‌చెరులో టోర్నమెంటు పెడుతున్నాం. మన తరఫున మీ టీమే ఆడాలి. పది వారాలు, ప్రతి ఆదివారం. మ్యాట్ మీద, బూట్లతో. టీములో బయటి రాష్ట్రాల వర్కర్లు కూడా ఉండాలి."

నెల రోజుల్లో అన్నీ ఒక్కసారే మారిపోయాయి. బీరంగూడ పోయి పన్నెండు జతల బూట్లు తెచ్చారు. సాయంత్రపు ఆట తెల్లవారుజాముకు మారింది. షిఫ్టులు మార్చుకోవడానికి ఇదివరకు కొమురయ్య నోటిమాట చాలేది, ఇప్పుడు కాగితం రాసివ్వాలి. పుట్టి బుద్ధెరిగి బూట్లతో కబడ్డీ ఆడని వాళ్లు మ్యాట్ మీద మొదటి రోజు జారి జారి పడ్డారు.

"ఇది ఆటనా బావా, నాపరాళ్ల మీద సబ్బునీళ్లా?" అన్నాడు యాదన్న వెల్లకిలా పడి. అందరూ పగలబడి నవ్వారు. ఇంటికొచ్చాక మాత్రం అరుగు మీద కూర్చుని మోకాలు పట్టుకున్నాడు. దేవమ్మ నూనె కాచి మర్దన చేసింది.

"నొస్తుందారా?"

"లేదక్కా. బూట్లకు నేను కొత్త, నాకు బూట్లు కొత్త. అలాయ్ బలాయ్ చేసి దోస్తులైతున్నం."

వాడికి ముప్పై ఆరు దాటాయి. మట్టి వేళ్లకు ఊతమిచ్చేది. మ్యాట్ ఇవ్వదు. అది కొమురయ్య చూశాడు. ఫ్యాక్టరీలో డ్రమ్ములు మోసే ఒరిస్సా పిలగాడు బిరంచి అదే మ్యాట్ మీద చేపలా తిరగడం కూడా చూశాడు.

బనీన్లిచ్చే ముందు రోజు మధ్యాహ్నం అన్నం తింటూ అన్నాడు. "రేపు ఏడో నంబరు బిరంచికిస్తున్న."

దేవమ్మ చేతిలో గంటె ఆగిపోయింది. "మరి యాదన్న?"

"పన్నెండు. బయట కూసుంటడు. అవసరమైతే దిగుతడు."

"వానికి చెప్పినవా?"

"మనోడే గదనే. ఇంటోనికి చెప్పేదేముంది? బయటోళ్లకైతే జెర చూసుకొని చెప్పాలె గని."

ఆయన మనసులో కల్మషం లేదు. నిజంగానే అట్లా అనుకున్నాడు. యాదన్నకు చెప్పలేదు. బామ్మర్ది అంటే తన చెయ్యిలాంటి వాడు, చేతికి చెప్పి కదిలిస్తామా అని ఆయన లెక్క. దేవమ్మ గిన్నెలు కడిగి, చేతులు తుడుచుకుని ఫోను తీసింది. తమ్ముడి పేరు దాకా పోయింది. మగవాళ్ల ఆట ముచ్చట, నడుమ నేనెందుకు అనుకుంది. చెబితే ఆయన కోపానికొస్తాడు అని కూడా అనుకుంది. ఫోను బియ్యం డబ్బా మీద పెట్టేసి చాటలో పప్పు పోసుకుంది.

మరునాడు గుడి ముందు అందరూ వరుసగా నిలబడ్డారు. దేవమ్మ కొబ్బరికాయల సంచితో పక్కన ఉంది. ఆరో నంబరు అయ్యింది. ఏడో బనీను కొమురయ్య చేతిలోకి రాగానే యాదన్న ఎప్పట్లాగే ఒక అడుగు ముందుకేసి చెయ్యి చాపాడు.

"బిరంచి" అన్నాడు కొమురయ్య.

బిరంచి బిత్తరపోయి యాదన్న మొహం చూశాడు. యాదన్న చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. దాన్ని అట్లాగే జరిపి బిరంచి భుజం మీద వేశాడు. "లేలో భాయ్. అచ్ఛా ఖేల్నా" అన్నాడు, తీసుకుని బాగా ఆడమని. తనకిచ్చిన పన్నెండో బనీను కళ్లకద్దుకుని మడతపెట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీ ఆటో ఎక్కలేదు. "మీరు నడువుండ్రి, నేను జెర ఆగి వస్త" అన్నాడు. వస్తానన్నవాడు మళ్లీ రాలేదు. పదిహేను రోజుల్లో ఫ్యాక్టరీ పని మానేసి, కొల్లూరులో తన అత్తగారికి సర్కారు ఇచ్చిన డబుల్ బెడ్రూం ఇంటికి భార్యాపిల్లలతో వెళ్లిపోయాడు. అక్కడే ఓ అపార్టుమెంటులో గార్డుగా చేరాడు.

మొదటి నాలుగు ఆదివారాలూ టీము ఓడిపోయింది. బిరంచి కాళ్లలో వేగం ఉంది కాని పక్కవాడి చెయ్యి నొక్కడం తెలియదు. అది నేర్పాల్సినవాడు కొల్లూరులో గేటు తీస్తున్నాడు. బిరంచి ఒక్కడే దూకేవాడు, మిగతావాళ్లు నిలబడి చూసేవాళ్లు. "మేరే కో క్యా మాలూమ్ అన్నా, కోయీ బతాయా నహీ" అనేవాడు పాపం, తనకెవరూ చెప్పలేదని.

నాలుగో ఓటమి తర్వాత అందరూ దేవమ్మ వాకిట్లో చాయ్ తాగుతున్నారు. కూతకు వెళ్లే మహేష్‌ను కొమురయ్య గదిమాడు. "ఏందిరా, గీత దాటనీకె భయపడ్తున్నవ్?"

మహేష్ గ్లాసు కింద పెట్టాడు. "అవునన్నా, భయమే. సొంత బామ్మర్దికే చెప్పకుంట బనీను గుంజినవ్. నేనెంత? రేపు నా నంబరు ఎవనికిస్తవో నాకు తెల్వది. గీ భయం పెట్టుకొని కూతకెట్ల పోవాలె? ఊపిరి నిలుస్తదా?"

"నేను గుంజిన్నారా?"

"గుంజినవన్నా. గుడి ముందల గుంజినవ్. మేం చూసినం."

కొమురయ్య లోపలికి వెళ్లి మంచం మీద కూర్చున్నాడు. దేవమ్మ వెనకాలే వెళ్లింది. "వాడు అన్నదాంట్ల తప్పుందా?" అని ఆమెనే అడిగాడు. ఆమె గ్లాసులు ఏరడానికి వాకిట్లోకి వచ్చేసింది. ఆయన ఆ పూట అన్నం తినలేదు.

ఆ తర్వాత మనిషి మారాడు. ఒక్కొక్కరినీ ఇంటికి పిలిచాడు, చాయ్ పోయించాడు. బూట్లతో ఎవరికి ఏం ఇబ్బందో అడిగాడు. ఇద్దరికి వేళ్లు ఒరుసుకుని పుండ్లయ్యాయని అప్పుడే తెలిసింది. రోజు మార్చి రోజు పాత మట్టి మీదే బూట్లేసుకుని ఆడించాడు, కాళ్లు ముందు బూట్లకు అలవాటు కావాలని, మ్యాట్ సంగతి ఆ తర్వాత చూద్దామని. కుడి మూలన ఆడే సాయిలుకు వయసు మీద పడుతోంది. ఆయన్ను అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకుని అడిగాడు. "సాయిలూ, ఇంకో నాలుగు వారాలు ఆడు. నీ తర్వాత ఆ మూల ఎవలకిద్దామో నువ్వే చెప్పు. నువ్వే నేర్పు."

సాయిలు నవ్వాడు. "గింత మర్యాద నా పెండ్లిల గూడ చెయ్యలేదు గదన్నా" అన్నాడు. తానే ఒకడిని ఎంచుకుని, తానే చెయ్యి నొక్కడం నేర్పాడు. బిరంచికీ నేర్పాడు.

మిగిలిన ఆరు ఆటల్లో నాలుగు గెలిచారు. ఆరు టీముల్లో మూడోవాళ్లుగా వచ్చారు. కప్పు రాలేదు. అయినా శివరామకృష్ణకు సంబరమైంది. ఫ్యాక్టరీ మీటింగులో సూపర్‌వైజర్ల ముందు కొమురయ్య చేతికి మైకు ఇచ్చి, అంత గందరగోళంలోంచి టీమును ఎట్లా ఒడ్డున పడేశారో చెప్పమన్నాడు.

కొమురయ్య మైకు పుచ్చుకున్నాడు. "నాకు చెప్పొస్తలేదు సార్. మనిషిని మార్చేముందు ఆ మనిషితోని మాట్లాడాలె. పేరు చదివేముందు పేరుగలోనికి చెప్పాలె. పోయేటోని చేతికే వచ్చేటోన్ని అప్పజెప్పాలె. గంతే" అన్నాడు. చప్పట్లు కొట్టారు. ఎవరో వీడియో తీస్తే అది వాట్సాపులో ఊరంతా తిరిగింది.

కొల్లూరుకూ వెళ్లింది.

ఓ ఆదివారం మొగుడూ పెళ్లామూ పండ్లు తీసుకుని యాదన్న ఇంటికి బయలుదేరారు. అన్నీ ఒకే తీరు బిల్డింగులు. రెండుసార్లు దారి తప్పి, చివరికి నాలుగో అంతస్తు ఎక్కారు. యాదన్న తలుపు తీసి కుర్చీలు వేశాడు. నీళ్లిచ్చాడు. కోడికూర వండమని భార్యకు చెప్పాడు. మర్యాదకు ఏమీ లోటు లేదు. ఇదివరకు మాటకు ముందు వేళాకోళం చేసేవాడు, ఇప్పుడు పెళ్లిచూపులకొచ్చిన వాళ్లను చూసినట్టు చూశాడు. అది దేవమ్మకు ముల్లులా గుచ్చుకుంది.

"యాదన్నా, టీముకు నేర్పనీకె రావాలె" అన్నాడు కొమురయ్య. "నీ పట్టు ఎవలికీ రాలే."

"వీడియో చూసిన బావా. మంచిగ చెప్పినవ్."

కొమురయ్య తల దించుకున్నాడు.

"నా మోకాళ్లు పోయినయని నీ కన్న ముందు నాకే తెల్సు. బూట్లేసుకున్న మూడో దినమే తెల్సింది. బనీనులిచ్చే దినం నేనే అడుగుదమనుకున్న, బావా, బిరంచికియ్యి, నేను వానికి నేర్పుత అని. ఆ మాట నోట్ల పెట్టుకొనే గుడికొచ్చిన. చెయ్యి చాపింది అందుకే, తీసుకొని వానికియ్యనీకె."

యాదన్న ఖాళీ నీళ్ల గ్లాసులు పక్కకు జరిపాడు.

"సాయిలును అరుగు మీద కూసోబెట్టి అడిగినవంట. సంతోషమే. నా మీద నేర్చుకున్నవ్ బావా, అందరికి పనికొచ్చింది. నాకే రాలే."

కొమురయ్య పెదవులు కదిలాయి. తప్పయింది అనే మాట ఆ సీజనులో మహేష్‌కు చెప్పాడు, బిరంచికి చెప్పాడు, బూట్లు ఒరుసుకున్న పిల్లలకు చెప్పాడు. ఇక్కడ నోరు పెగల్లేదు. అన్నం తిన్నారు, లేచారు. రెండంతస్తులు దిగాక ఆయన గోడ పట్టుకుని ఆగాడు.

"దేవమ్మా, నువ్వు చెప్పు వానికి. తప్పయిందని."

"నేనెందుకు చెప్తా? నీ నోటితోని నువ్వు చెప్పు."

ఆయన వెనక్కి తిరిగి నాలుగు మెట్లు ఎక్కాడు. ఆగాడు. పైనుంచి ఎవరిదో టీవీ మోగుతోంది. "ఇప్పుడే తిని లేసినం. మల్లొచ్చినప్పుడు చెప్త తియ్యి" అని దిగివచ్చాడు. దేవమ్మ కూడా సరే అంది. బస్సు దొరకదేమోనని ఆమె ధ్యాస. ఆ నాలుగు మెట్ల దగ్గర చెయ్యి పట్టుకుని పైకి తీసుకుపోయి ఉంటే ఎంతసేపు పట్టేది? తానూ ముందురోజే తెలిసి దాచిన సంగతి అప్పుడే చెప్పుకుని ఉంటే బరువు ఇద్దరికీ సగం సగం అయ్యేది. అదేమీ ఆమెకు ఆ రోజు తోచలేదు.

మళ్లీ వెళ్లడం కుదరలేదు. నాట్లన్నారు, షిఫ్టులన్నారు, కొత్త సీజనన్నారు. కార్తీకమాసంలో ఓ తెల్లవారి కొమురయ్య గ్రౌండుకు బయలుదేరి, గుండె పట్టుకుని ఇంటి గేటు దగ్గరే కూలిపోయాడు.

యాదన్న వచ్చాడు. పాడె మోశాడు. పదకొండు రోజులూ ఉండి, వచ్చినవాళ్లకు నీళ్లిచ్చాడు, కుర్చీలు వేశాడు. కప్పుల ముచ్చట్లు విన్నాడు, మాట కలపలేదు. దినాలైపోయి షామియానా విప్పుతుండగా అక్క దగ్గరికి వచ్చి కూర్చున్నాడు.

"అక్కా, బావ నా గురించి ఏమన్న అన్నడా?"

దేవమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "తప్పయిందన్నడురా. నీకు చెప్పమన్నడు. ఆ దినం కొల్లూరుల, మెట్ల మీద. నాకు గూడ ముందుగాల తెల్సు యాదన్నా, బనీను సంగతి. నేను గూడ నీకు చెప్పలే."

యాదన్న ఆమె మొహంలోకి చూశాడు. కోపం లేదు వాడి కళ్లలో.

"మెట్ల మీదనా? నేను పైననే ఉంటి గదక్కా" అన్నాడు.

దేవమ్మ దగ్గరికి జరిగింది. తమ్ముడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వాడు గుంజుకోలేదు. అట్లాగని పట్టుకోనూ లేదు.