వానచార కోకలో నేను పట్టిన తప్పు

ఆ రోజుల్లో కెనడాలోని కేంబ్రిడ్జ్‌లో ఏ బేస్‌మెంట్ తలుపు తట్టినా తెలుగే వినిపించేది. మా బేస్‌మెంట్‌లో అయిదుగురం. నా గదిలో ఉండే హైదరాబాదు పిల్ల, నేను ఒకే కాలేజీలో గేమ్ డిజైన్ చదివేవాళ్లం. దానికి అన్నీ ఇట్టే వచ్చేసేవి. మార్కులు, స్నేహితులు, చివరికి గుండ్రటి చపాతీలు కూడా. చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఒకసారి క్లాసులో ఒక పని ఇచ్చారు. లోకంలో లేని జాతిని ఊహించి, వాళ్లు తరతరాలుగా నేసే బట్టను కల్పించాలి. క్లాసు ఓటేసి ఎంచుకున్న ఒక్క బట్టే మేమంతా కలిసి చేసే ఆటలోకి వెళ్తుంది. నాదే వెళ్లాలని పట్టుబట్టి కూర్చున్నాను. మాది చీరాల పక్కన నేతవాళ్ల ఇల్లు మరి. ఆ సంగతి మాత్రం కెనడాలో ఎవరికీ చెప్పలేదు. అడిగితే "బట్టల బిజినెస్" అనేదాన్ని.

అందుకే ఇంటి వాసన తగలకుండా డ్రాగన్ పొలుసుల పట్టు ఒకటి అల్లాను. క్లాసు మర్యాదగా తలాడించింది, అంతే.

తరువాత మా గది పిల్ల లేచింది. కొండమీది జనమట. ఏటా ఇంటికొక కోక నేస్తారట. వాన బాగా పడిన నెలకు వెడల్పాటి నీలిచార, ఎండిన నెలకు సన్నచార. కోక విప్పితే ఆ యేటి వానంతా కనిపిస్తుంది. పేరు వానచార. మగ్గాన్ని బొమ్మలో తప్ప చూడని మనిషికి ఇంత చక్కటి ఊహ ఎలా వచ్చింది? నాకెందుకు రాలేదు? కుళ్లుతో నోరు చేదైపోయింది.

"ఏడాది కాగానే దారాలన్నీ తెంపేసి, ఖాళీ మగ్గం మీద కొత్త కోక మొదలుపెడతారు" అని ముగించింది.

దొరికావే అనుకున్నాను. చెయ్యెత్తి లేచాను.

"ఏ నేతగాళ్లూ మగ్గాన్ని అలా ఖాళీ చేయరు" అన్నాను, ఇంగ్లీషులో, గట్టిగా. "దువ్వెనలాంటి అచ్చు ఒకటుంటుంది. పాత దారాల కొసల్ని అందులోనే ఉంచుతారు. వేళ్లకు బూడిద రాసుకుని, ఒక్కో పాత కొసకు ఒక్కో కొత్త దారాన్ని మెలితిప్పి అతుకుతారు. అన్నీ తెంపేస్తే వేల దారాలు మళ్లీ మొదటినుంచి ఎక్కించుకోవాలి."

దాని పరువు ఎప్పుడు పోతుందా అని చూస్తున్నాను. ప్రొఫెసర్ గారు కుర్చీలోంచి లేచారు.

"అంటే పోయినేటి వానకు ఈ యేటి వానను అతుకుతారన్నమాట!"

క్లాసంతా చప్పట్లు. ఓట్లన్నీ వానచారకే పడ్డాయి. నా నోటి దురద తగలెయ్య! నా చేత్తో నేనే దాన్ని గెలిపించాను.

ఇంటికెళ్లే బస్సులో అది వచ్చి నా పక్కనే కూర్చుంది. నేను కిటికీ వైపు తిరిగాను.

"ఇవన్నీ నీకెట్ల తెలుసే?"

"మా అమ్మ చేసే పనే అది" అన్నాను, దానికి మాత్రమే వినపడేలా.

"మరి ఇన్ని దినాలు నాకెందుకు చెప్పలేదే? నీ మాట మీదనే గెలిచినం. ఆటల నీ పేరు గూడ ఏస్తా."

దాని మంచితనానికి ఇంకా మండింది. పోట్లాడటానికి కూడా వీల్లేకుండా చేసింది.

"నా పేరొద్దు. వెయ్యాలంటే మా అమ్మ పేరు వెయ్యి."

"ఆంటీ పేరేంది? ఏం చేస్తదని రాయాలె?" ఫోన్ తీసింది.

బస్సు నిండా మనవాళ్లే. ముందు సీటు పిల్లలు అప్పటికే వెనక్కి తిరిగి చూస్తున్నారు. పేరు చెప్పాను. మగ్గం పని చేస్తుందని కూడా చెప్పాను, ఈసారి గొంతు తగ్గించకుండా.