రెండు రోజులు జరిపిన తిథి

పన్నెండేళ్ళుగా ఒక శుక్రవారాన్ని మోస్తున్నాను. కోపాలు చాలా మోశాను, అవి నాకు బరువనిపించవు. కోపమొస్తే పైకే అనేస్తాను, అది నా స్వభావం. ఇది మాత్రం ఎవరితోనూ అనలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను.

నేను బడి మానేసింది ఎనిమిదో తరగతిలో. లేత్ మెషీన్ మీద పని నేర్చుకున్నాను, ఆ పనితోనే అమెరికాకి, శాంటా క్లారాకి వచ్చాను, ఆ పనిలోనే రిటైరయ్యాను. ఇంగ్లీషు డిక్షనరీ చూసి నేర్చుకున్నాను. పంచాంగం కూడా అంతే. ఇండియాలో తిథి ఎన్ని గంటలకు మొదలవుతుందో, దాన్ని కాలిఫోర్నియా గడియారంలోకి ఎలా మార్చాలో కాగితాల మీద లెక్కలు వేసి వేసి పట్టుకున్నాను. శాన్ రామన్‌లో మా అబ్బాయి ఇంటికి చేరాక, చుట్టుపక్కల మన వాళ్ళందరూ "అంకుల్, మా నాన్నగారి తద్దినం ఇక్కడి లెక్కకి ఎప్పుడొచ్చింది?" అని నాకే ఫోన్ చేసేవారు. డిగ్రీలున్నవాళ్ళు, డాక్టరేట్లున్నవాళ్ళు. ఎంత గర్వపడేవాణ్ణో.

ఆ గర్వంతోనే ఒకసారి పదిమందిలో లేచి అరిచాను. ఉగాది మంగళవారం వస్తే మన వాళ్ళు శనివారం చేసుకుందామన్నారు. "తిథికి మీ ఆఫీసు సెలవులతో పనేంటయ్యా? సూర్యుడు మీ మేనేజర్ని అడిగి ఉదయిస్తాడా?" అన్నాను. జనం నవ్వారు, కొందరు చప్పట్లు కొట్టారు. ఆ మాట ఇప్పటికీ నా పేరు మీద చెప్పుకుంటారు. విన్నప్పుడల్లా నాకు చెమటలు పడతాయి.

ఎందుకంటే తిథిని పక్కకు జరిపినవాణ్ణి నేనే.

మా ఆవిడ వాళ్ళ నాన్నకు ఒక్కతే కూతురు. ఆయన పోయినప్పుడు మేమిక్కడున్నాం, కడసారి చూపు దక్కలేదు. అప్పటినుంచి ఆయన తిథి, మాఘ శుద్ధ త్రయోదశి, ఆవిడ ప్రాణం పెట్టి పట్టుకున్న రోజు. పొద్దుటినుంచి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టదు. బియ్యం, పప్పు, కూరలు, నెయ్యి సర్ది గుడికి తీసుకెళ్ళి పూజారిగారికి స్వయంపాకం ఇస్తుంది. ఆయన సంకల్పం చెప్పి అందుకున్నాకే ఇంటికొచ్చి అన్నం తింటుంది. ఆ రోజు ఇంట్లో గుడ్డు కూడా ఉడకదు. కొడుకులు లేని మనిషికి ఆ ఒక్క రోజూ తనే కొడుకు. ఇంతకు మించి ఆవిడ తన కోసమని ఏమీ అడగలేదు నన్ను.

ఇక మంచు సంగతి. మా వాడు పిల్లకి స్కీయింగ్ నేర్పించాలని ఏటా తాహో మంచుకొండలకి తీసుకెళ్ళేవాడు. ఎప్పుడు వెళ్ళాలన్నదే ఏటా రామాయణం. క్రిస్మస్‌కి కోడలికి ఆఫీసులో సెలవు దొరకదు. మార్చికి మంచు మెత్తబడిపోతుంది. బడి నడుస్తుండగా వెళ్తే జనం తక్కువ, గదులు చవక. కానీ మనవరాలు ఆరో తరగతికొచ్చాక ఆటల కోసం బడి మానితే ఒప్పుకునేది లేదని బడివాళ్ళు ఉత్తరం పంపారు. నేను మండిపడ్డాను. మంచు వీళ్ళ సెలవులు చూసుకుని కురుస్తుందా? అయినా గత్యంతరం లేదు. ఫిబ్రవరిలో బడులకిచ్చే వారం సెలవు, స్కీ వీక్, అదొక్కటే మిగిలింది. ఊరూరా జనమంతా ఆ వారమే కొండెక్కుతారు.

ఫ్రిజ్ మీద బడి క్యాలెండర్, పక్కన నా పంచాంగం. రెండూ కలిపి చూసి తేదీలు ఖాయం చేసే పని నాది. అంతకుముందు ఒకసారి ఆ వారంలోనే త్రయోదశి పడింది. మేమిద్దరం ఇంట్లో ఉండిపోయాం, వాళ్ళు వెళ్ళొచ్చారు.

2013లో మళ్ళీ పడింది. శుక్రవారం. తిరుగు ప్రయాణం శనివారం.

ఆ సాయంత్రం వంటింట్లో జరిగింది అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. మా వాడు ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. "నాన్నా, శనివారం వరకు క్యాబిన్ బుక్ చేసేస్తున్నా. మీ వైపు ఏమైనా ఉన్నాయా?"

"ఉండరా, మీ తాతయ్య తిథి ఎప్పుడో కనుక్కోనీ," అంది మా ఆవిడ. "ఏమండీ, ఎప్పుడొచ్చింది?"

అప్పుడే మనవరాలు నా చెయ్యి పట్టుకుని ఊపుతోంది. "తాతా, ఫ్రైడే నాకు రేస్ ఉంది. నువ్వు, నానమ్మ చూడాలి. ప్రామిస్?"

పంచాంగం చూశాను. శుక్రవారమే. వేలు దాని మీదే ఉంది.

"ఆదివారం," అన్నాను.

"నిజంగానా? మళ్ళీ ఒకసారి చూడండి."

"నామీద నమ్మకం లేకపోతే గుళ్ళో అడుక్కో!" కసిరాను. అబద్ధమాడేటప్పుడు నా గొంతు పెరుగుతుందని ఆ రోజే తెలిసింది.

ఆవిడ నవ్వింది. "నాకు లేకేం? మా నాన్నకే ఉండేది కాదు." తరవాత పైకి చూసి దణ్ణం పెట్టుకుంది. "చూశావట్రా, మునిమనవరాలి పందెం కోసం మీ తాతయ్యే రెండు రోజులు సర్దుకున్నాడు!"

మా వాడు బుక్ చేసేశాడు.

పిల్ల కోసమే చేశానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. పిల్ల సంతోషం ముందు తిథి ఎంత? పోయినవాడికి శుక్రవారమేమిటి, ఆదివారమేమిటి? ఇలాంటి ప్రశ్నలు ఎన్నయినా వేసుకోవచ్చు. కానీ అంత నిజాయితీ ఉన్నవాణ్ణయితే ఆ మాటే ఆవిడతో అనొచ్చుగా? "ఈసారికి ఆదివారం చేద్దామే" అని అడగొచ్చుగా? అడిగితే ఒప్పుకునేదేమో. ఒప్పుకోకపోతే ఇంట్లో ఉండేవాళ్ళం. అడగలేదంటే, నాకు ఆవిడ ఒప్పుకోలు అక్కర్లేదన్నమాట. మరి ఏం కావాలి నాకు?

మా మావగారు హెడ్‌మాస్టరు. పెళ్ళిలో పంక్తి మధ్య నిలబడి, విస్తరి ముందు నేనుండగా, పక్కవాళ్ళతో అన్నాడు: "అల్లుడి చేతికి పని తెలుసు గానీ, చేతికి పుస్తకమిస్తే తలకిందులుగా పట్టుకుంటాడు." అందరూ నవ్వారు. నేను పప్పన్నం కలుపుకుంటూనే ఉన్నాను. ఆ నవ్విన ముఖాలు ఎవరెవరివో ఇప్పుడడిగినా వరసగా చెప్పగలను. ఆయన పోయేదాకా నా ఉత్తరాల్లో తప్పులు దిద్ది తిప్పి పంపేవాడు. నిజం.

శుక్రవారం వచ్చింది. మనవరాలు పందెంలో మూడోదిగా దిగింది. మా ఆవిడ మఫ్లర్ ఊపుతూ అరిచింది, ఆ వయసులో అంత గొంతుందని నాకే తెలియదు. క్యాంటీన్ లోపలికొచ్చాక చలికి ఆవిడ పళ్ళు టకటకలాడుతున్నాయి. నేనే వెళ్ళి లైన్లో నిలబడ్డాను. కూరగాయల సూపు కూడా ఉంది అక్కడ. చూశాను. చికెన్ సూపు తీసుకున్నాను. నా చేత్తో తెచ్చి ఆవిడ ముందు పెట్టి, "వేడిగా ఉంది, తాగు," అన్నాను. తాగింది. కోడిముక్క కొరుకుతూ పిల్ల గురించి ఏదో చెబుతోంది. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. ఏటా ఆ వేళకు ఆవిడ కడుపు ఖాళీగా గుళ్ళో కూర్చునుంటుంది.

అప్పుడు నా మనసులో వచ్చిన మాట ఇదీ. ఇన్నాళ్ళూ దాచింది ఈ మాటనే: "హెడ్‌మాస్టరుగారూ, ఈ ఏడు మీ క్యాలెండరు నేను దిద్దాను."

గెలిచాననిపించింది. పోయినవాడి మీద, కూతురి నోటితో గెలిచాను.

ఆదివారం గుడికి వెళ్ళాం. ఆవిడ పొద్దుటినుంచి ఉపవాసం. సంకల్పంలో పూజారి ఆ రోజు తిథి పైకి చదువుతాడన్న సంగతి అక్కడ కూర్చునే వరకు నాకు తట్టలేదు. ఆవిడ ఏటా త్రయోదశి అనే విన్నది. ఆయన "మాఘ మాసే, శుక్ల పక్షే" అన్నాడు. ఆ ఆదివారం పొద్దున చతుర్దశి ఇంకా నడుస్తోంది. సరిగ్గా "చతుర్దశ్యాం" దగ్గర గట్టిగా దగ్గాను. పూజారి ఆగి మంచినీళ్ళు కావాలా అన్నాడు. మా ఆవిడ కళ్ళు తెరవకుండానే నా వీపు నిమిరింది. ఆ చెయ్యి ఇంకా వీపు మీదే ఉంది.

మొన్న ఎవరో కొత్తగా పెళ్ళయినమ్మాయి మా ఇంటికొచ్చింది, వాళ్ళమ్మ పోయి ఏడాదవుతోందట. మా ఆవిడ ఆ పిల్లకి ధైర్యం చెబుతోంది. "ఇక్కడుండి ఏం చేయగలమనుకోకమ్మా. నలభై ఏళ్ళయింది, మా నాన్న తిథి నాకు ఒక్క ఏడు కూడా తప్పలేదు. అంకుల్ లెక్క చూసి పెడతారు." అంటూ నావైపు చూసింది. నేను తలూపాను. అది రెండో తప్పు. మొదటిదానికంటే పెద్దదేమో.

ఆవిడకు చెప్పాలా? చెబితే నా బరువు దిగుతుంది. నలభై ఏళ్ళుగా ఆవిడ కట్టుకున్నది కూలుతుంది. చెప్పకపోతే అబద్ధం మీదే నిలబడి ఉంటుంది. ఏది దయ, ఏది పిరికితనం? ఎన్నో లెక్కలు కట్టాను గానీ ఇది నాకు తేలలేదు. క్షమించమని ఎవర్ని అడగను? మావగారిని అడగడానికి ఈ రోజుకీ నోరు రావడం లేదు, అదీ ఒప్పుకుంటున్నాను.

తప్పింది. ఒక ఏడు తప్పింది. తప్పించింది నేను.

ఈ మూడు మాటలూ రాయడానికి పన్నెండేళ్ళు పట్టింది. రాశాక పెన్ను కింద పెట్టాను. ఆ శుక్రవారం ఇప్పటిదాకా నా ఒక్కడిదే. ఇప్పుడు మీకూ తెలుసు.