మెట్ల మలుపులో ఆగిన అడుగు

పెళ్ళయిన ఆడవాళ్ళను లోకంలో అందరికంటే ఎక్కువగా వణికించిన మగాడు మా అమ్మమ్మే. కాదన్నవాళ్ళు నా ముందుకొచ్చి చెప్పండి. న్యూయార్కు నుంచి మా లాస్ ఏంజిలిస్ దాకా, ఆమె పనిచేసిన ఓ సినిమా బొమ్మ ఆడిన ప్రతి హాల్లోనూ, అందులో మెట్లెక్కి వస్తున్న భర్త అడుగుల చప్పుడు విని ఎందరు ఇల్లాళ్ళు పక్కసీట్లో మొగుడి చెయ్యి వదిలేశారో దేవుడికే తెలియాలి. తెర మీది అందగాడిది ఉత్త మొహమే. కాళ్ళు మాత్రం మా అమ్మమ్మ ఓపల్ టాకెట్‌వి. నిలబడితే మొగుడి భుజం దాకా కూడా రాని మనిషి.

స్టూడియోలో ఆమె ఉద్యోగం నడవడం. షూటింగులో నటుల అడుగుల చప్పుడు మైకుకు సరిగ్గా అందేది కాదు. అందుకని తర్వాత గోడ మీద బొమ్మ ఆడుతుంటే, దాన్నే చూస్తూ, చెక్కల మీదా కంకర మీదా ఓపల్ నడిచేది. మైకు ఆ చప్పుడు పట్టుకునేది. రాణులకు నడిచింది, దొంగలకు నడిచింది, అవసరమైతే గుర్రాలకూ నడిచింది.

నేను చెప్పే ఆ బొమ్మలో కొత్త పెళ్ళికూతురికి మొగుడి మీద అనుమానం మొదలవుతుంది. తనను చంపేస్తాడేమోనని. అతను కత్తి ఎత్తడు, గొంతు పెంచడు. సాయంత్రం ఇంటికొచ్చి మెట్లెక్కుతాడు, అంతే. భయమంతా ఆ ఎక్కడంలోనే ఉండాలి.

చప్పుళ్ళ విభాగం పెద్ద హార్లన్‌కు ఏ నడకా నచ్చలేదు.

"ఇది పోస్టుమాన్ నడక, ఓపల్. ఉత్తరం ఇచ్చేసి పోయేలా ఉన్నాడు."

ఇంకోలా నడిచింది.

"వీడు తాగుబోతు. పెళ్ళాన్ని చంపడు, తనే పడి చస్తాడు."

ఒళ్ళుమండి మర్నాడు ఆమె మొగుడి పాత బూట్లు సంచిలో వేసుకొచ్చింది. లోపల గుడ్డలు కుక్కి తొడుక్కుంది. మా తాత డెల్మర్, ఫ్రిజ్‌లు లేని ఆ రోజుల్లో ఇళ్ళకు ఐసు వేసే బండి మనిషి. కుడి భుజం మీద ఐసు దిమ్మలు మోసీ మోసీ కుడికాలు బరువుగా, ఎడమకాలు తేలిగ్గా పడేది. మెట్ల మలుపులో ఒక్క క్షణం ఆగేవాడు. ఆమెకు కంఠతా వచ్చిన మగ నడక అదొక్కటే. అదే నడిచింది.

హార్లన్ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "వీడే! ఆ మలుపులో ఆగాడు చూడు, నా ఒళ్ళు జలదరించింది. పక్కా హంతకుడు!"

ఆ మెప్పుకు పొంగిపోతూ ఓపల్ ట్రామెక్కి ఇంటికొచ్చింది. పొయ్యి మీద చిక్కుడు గింజలు ఉడుకుతుండగా మెట్ల మీద చప్పుడైంది. బరువు, తేలిక. బరువు, తేలిక. మలుపులో ఆగింది.

చేతిలో గరిటె ఆగిపోయింది. పెళ్ళయినప్పటి నుంచీ వింటున్న అడుగులే. అక్కడ ఎందుకాగుతాడు? ఏనాడూ అడగలేదు.

ఆ రోజు నుంచీ ఆమెకు అన్నం సయించలేదు. హార్లన్ ఇంకా ఇంకా మెట్లు అడిగాడు. ఓపల్ ఇంటికొచ్చాక కూడా బూట్లు తొడుక్కుని గదిలో సాధన చేసేది. ఆ మోతలో కింద తలుపు వినపడేది కాదు. డెల్మర్ మెట్లెక్కుతుంటేనే తెలిసేది. గబగబా విప్పి సంచిలో కుక్కేది. బొమ్మ సంగతి ఇంట్లో కూడా పొక్కకూడదని స్టూడియో ఆజ్ఞ మరి.

అతను మలుపులో ఆగడం రోజురోజుకీ ఎక్కువైంది. లోపలికి రాగానే బీరువా తెరిచి చూసేవాడు. మంచం కిందికి వంగేవాడు.

"ఇవాళ ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారు?"

"ఊరికే అడిగాలే."

ఒకనాడు ఐసు దిమ్మలు పొడిచి పగలగొట్టే ఇనప సూది ఇంటికి తెచ్చి, దిండు పక్కన పెట్టుకుని పడుకున్నాడు. అది ఏనాడూ బండి దిగని వస్తువు. ఓపల్ గోడవైపు తిరిగి, కళ్ళు తెరుచుకునే తెల్లవార్చింది.

ఇంతలో స్టూడియోవాళ్ళు విడుదలకు ముందే బొమ్మను ఊరి చివర హాల్లో జనానికి వేసి చూపించారు. అంత అందగాడు హంతకుడేమిటని జనం గోల చేశారు. ముగింపు మారింది. పాపం మొగుడు నిర్దోషి, పెళ్ళాందే పిచ్చి అనుమానం.

"రేపు ఆ చివరి మెట్లు మళ్ళీ నడవాలి, ఓపల్. ఈసారి మంచివాడిలా," అన్నాడు హార్లన్.

"మంచివాడు ఎలా నడుస్తాడు సార్?"

"పెళ్ళయినదానివి, నన్నడుగుతావేం?"

ఆమెకు నవ్వు రాలేదు. ఇంటికెళ్ళి పెట్టె సర్దింది. బేకర్స్‌ఫీల్డులో అక్క ఉంది, ఆ సాయంత్రం బస్సుంది. పెట్టె ఎత్తేసరికి మెట్ల మీద అడుగులు. బరువు, తేలిక. ఆగాయి. ఇక ఆగలేక విసురుగా తలుపు తీసింది.

మలుపులో డెల్మర్, గోడకు చెవి ఆనించి, పిడికిట్లో సూది పట్టుకుని.

"ఎందుకాగావు?" అంది.

"వాడేడీ?" అన్నాడు.

"ఎవడు?"

"లోపల బూట్లేసుకుని తిరిగేవాడు! ఎన్నాళ్ళుగా వింటున్నాను! నేను మెట్లెక్కగానే మాయమవుతున్నాడు. ఏ కిటికీలోంచి దింపుతున్నావే?" అతని చూపు పెట్టె మీద పడింది. "ఓహో. ఇవాళ వాడితోనే ప్రయాణమా?"

ఓపల్ వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళింది. సంచిలోంచి బూట్లు తీసి తొడుక్కుని, గది ఆ చివర నుంచి ఈ చివరకు నడిచింది.

"వాడే! ఆ వెధవే!" అన్నాడు డెల్మర్. మరుక్షణం కిందికి చూశాడు. "అవి నా బూట్లు కదూ?"

"నడకా నీదే."

"నేనింత ఘోరంగా నడుస్తానా?"

"హార్లన్ అయితే హంతకుడన్నాడు. ఇప్పుడు చెప్పు. ఈ అనుమానాలేవీ లేనప్పుడు కూడా మలుపులో ఆగేవాడివి. ఎందుకు?"

డెల్మర్ సూదిని మెట్టు మీద పెట్టి తల గోక్కున్నాడు. "నీ మడమలు వినడానికి. గట్టిగా పడుతున్నాయంటే నీకు కోపమొచ్చిందని. అప్పుడు వెనక్కి దిగి, సందు చివర కొట్లో ఏవైనా పండ్లు కొనుక్కుని మళ్ళీ ఎక్కేవాణ్ణి."

అకారణంగా ఇంటికొచ్చిన పీచ్ పండ్లు ఓపల్‌కు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. పీచ్‌లంటే అతనికి పిచ్చి అనుకుంది ఇన్నాళ్ళూ.

మర్నాడు స్టూడియోలో అవే బూట్లతో, అదే నడక నడిచింది. మలుపులో ఆగినప్పుడు ఈసారి తల కాస్త వంచి, పైగదిలో ఎవరివో మడమలు వింటున్నట్టు నిలబడింది.

"అద్భుతం! ఎంత మంచివాడో!" అన్నాడు హార్లన్. "ఏం మార్చావు?"

"ఏమీ లేదు సార్."

ఇన్నేళ్ళ తర్వాత ఇదంతా రాసి, బఠాణీలు ఒలుస్తున్న ఓపల్‌కు చదివి వినిపించాను. అనుమానం తీరింది, ప్రేమ గెలిచింది అని ముగించనా అమ్మమ్మా అని అడిగాను.

"ఆ రోజు సర్దిన పెట్టె నెల దాటినా విప్పలేదు నేను," అంది ఆమె. "ముందు అది రాయి."