రెండు కొమ్మలుంటే నాగమ్మది

ఈ ఉదయం గద్వాల నుంచి పార్సిల్ వచ్చింది. కత్తెరతో దారం తెంపానో లేదో, గంజి, పట్టు, కలరా ఉండలు కలిసిన వాసన ఇల్లంతా కమ్ముకుంది. ఆ ఘాటుకు మా గోడ మీద బల్లి తుమ్మింది. తుమ్మలేదనుకోండి. ముందే ఒప్పుకుంటున్నాను: నేను సోలెడు నిజాన్ని కుంచంతో కొలిచే మనిషిని. మా ఇంట్లో ఉప్మా మాడితే ఫైరింజన్ వచ్చిందని చెప్పుకుంటాను. కాబట్టి ఈ రాతను చేటలో పోసుకుని, చెరిగి, పొట్టు ఊదేసి చదువుకోండి. గింజ మాత్రం తప్పకుండా మిగులుతుంది. ఆ గింజ పేరు నాగమ్మ.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో వనపర్తి నుంచి వెళ్లి, గద్వాలలో ఆమె చీరల దుకాణం పైగదిలో ఇంటర్నెట్ సెంటర్ పెట్టాను. నాలుగు కంప్యూటర్లు. వాటిలో ఒకటి పనిచేసేది, మూడు పనిచేస్తున్నట్టు నటించేవి. నాగమ్మ భర్త మగ్గం దిగని మనిషి, ఆమె రోడ్డు దిగని మనిషి. చీరల మూట నెత్తిన పెట్టుకుని ఊరూరా తిరిగి అమ్మి, ఆ కాళ్లతోనే దుకాణం నిలబెట్టింది. ఆమె గొంతు గురించి చెప్పాలంటే, గద్వాలలో దగ్గితే రాయచూరులో ఎవరో ఒకరు వెనక్కి తిరిగి చూసేవారు. ఒకరోజు మెట్లెక్కి వచ్చి, నటించని ఆ ఒక్క కంప్యూటరు ముందు కూర్చుంది.

"తమ్మీ, గీ డబ్బాల దుకాణం పెట్టొచ్చంట గదా. పెట్టు మరి నాది."

పెట్టాను. నాగమ్మ పేరూ గద్వాల పేరూ కలిసిన దుకాణం పేరు మీద ఒక డొమైన్, అంటే ఇంటర్నెట్‌లో చిరునామా, తీసుకున్నాను. ఆ పేరును ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే ఆమె చీరల బొమ్మలు వస్తాయి. నాలుగు నెలలకు బెంగుళూరు నుంచి మొదటి ఫోన్ వచ్చిన నాడు ఆమె నాకు పెట్టిన జొన్నరొట్టె బండిచక్రమంత ఉంది. అయితే వారం తిరక్కుండానే మళ్లీ మెట్లెక్కింది.

"పేరు తప్పు కొడితే ఏమైతది?"

"దొరకదక్కా."

"గదేంది? మా మేనత్త నన్ను నాగవ్వ అనే పిలుస్తది. నేను పలకనా? తప్పు పిలిచినోళ్లు గూడ మనోళ్లే తమ్మీ. వాళ్లకో తలుపు పెట్టు."

అలా ఇంకో రెండు పేర్లు కొన్నాం. నాగమ్మలో ఒక 'ఎమ్' మింగేసేవాళ్లకు ఒకటి, గద్వాలను 'డబ్ల్యూ'కు బదులు 'వి'తో రాసేవాళ్లకు ఒకటి. ఎటు నుంచి వచ్చినా అసలు దుకాణానికే చేరేలా వాటిని మళ్లించాను. ఆమెకు ఇంగ్లీషు రాదు. కానీ తెర మీది 'డబ్ల్యూ'ను వేలితో తడిమి, "ఇది మన అంచు మీది కోటకొమ్మే గదా!" అంది. గద్వాల చీర అంచున కోటగోడ పళ్లలా వరసగా నేసే డిజైను అది. "రెండు కొమ్మలుంటే నాది, ఒక్క కొమ్ముంటే తొవ్వ తప్పినోళ్లది. సమజైంది." ఇంగ్లీషు చదువు ఇంత తొందరగా పూర్తిచేసిన మనిషిని నేను ఇంకెక్కడా చూడలేదు.

మూడేళ్లు గడిచాయి. ముప్పై మగ్గాలు ఆ పేరు మీద ఆడుతున్నాయి. డొమైన్‌కు గడువుకు ముందే మళ్లీ డబ్బు కట్టి నిలబెట్టుకోవాలి. ఆ బాధ్యత నాదే. గుర్తుచేసే చీటీ ఈమెయిల్లో రావాలి. అది ఎందుకో నాకు రాలేదు. వనపర్తిలో చెల్లెలి పెళ్లిచూపులకని వెళ్లి, అక్కడొక సెంటర్లో సరదాగా మా దుకాణం తెరిచి చూస్తే చీరలు లేవు. ఎవరివో ప్రకటనలు ఉన్నాయి. గడువు దాటి ఇరవై రోజులైంది. ఇంకో పది రోజులు మాత్రమే మనకు అవకాశం. ఆ తర్వాత ఎవరైనా కొనుక్కోవచ్చు. ఇలాంటి పేర్ల కోసమే కాచుకుని కూర్చునే వ్యాపారులున్నారు. మనిషి పోయిన ఇంట్లో మంచం ఖాళీ అవుతుందని చూసే బాపతు.

పరుగెత్తి దుకాణానికి ఫోన్ చేశాను. ఎత్తింది గుమాస్తా బాలస్వామి. ఆయనకు ఎడమ చెవి వినపడదు, ఫోన్ ఎప్పుడూ ఆ చెవికే పెట్టుకుంటాడు.

"బాలన్నా! నాగమ్మ ఎక్స్‌పైర్ అయింది!" అని అరిచాను. లైను తెగింది.

మా దిక్కు 'చచ్చిపోయిండు' అంటే మోటు, 'ఎక్స్‌పైర్ అయిండు' అంటే మర్యాద. పాలపొడి డబ్బాకైనా పెద్దమనిషికైనా ఒకటే మాట. ఆ పొద్దు నాగమ్మ నేతగాళ్లతో మాట్లాడటానికి గట్టు అనే ఊరికి వెళ్లింది. బాలస్వామి షట్టరు సగం దించి, బజారంతా వినపడేలా గుండెలు బాదుకున్నాడు. గంటలో జిల్లా సగం దుకాణం ముందుంది. జాతరలో కూడా అన్ని చెప్పులు చూడలేదని తర్వాత చెప్పులు కుట్టేవాడు నాతో అన్నాడు. పోటీ దుకాణదారు ఒకాయన అందరికన్నా పెద్ద దండ తెచ్చాడు.

మధ్యాహ్నం గట్టు బస్సు దిగిన నాగమ్మ ఆ గుంపును తోసుకుని లోపలికొచ్చింది.

"ఏంది బాలన్నా, ఎవరు పోయిండ్రు?"

బాలస్వామి కళ్లు తుడుచుకుంటూ, "నువ్వేనమ్మా," అన్నాడు.

ఆ తర్వాత తలెత్తి చూసి కూలబడ్డాడు. నాగమ్మ దండ తెచ్చినాయన వైపు తిరిగింది. "గింత పెద్ద దండా? బతికున్నప్పుడు ఒక్కనాడు చాయ్ గూడ తాపకపోతివి గదనే!" అని, ఆ దండను ఆయన మెడలోనే వేసి, వచ్చినవాళ్లందరికీ తన ఖర్చుతో చాయ్ పోయించింది. సొంత చావుకు వచ్చినవాళ్లకు చాయ్ పోసిన మనిషి ఆమె ఒక్కతే.

నేను సాయంత్రానికి చేరాను. తిట్లకు సిద్ధపడి, చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకునే మెట్లెక్కాను. ఆమె పైగదిలో నా కుర్చీలోనే కూర్చుని ఉంది. సంగతంతా చెప్పాను.

"అంటే పేరు పోయింది గానీ, ఇంకా పూర్తిగ పోలే?"

"ఇంకా పది రోజులు లేపొచ్చక్కా."

"పదకొండో దినం రాకముందే లేపాలె, గంతేనా?" అంది. ఎంత పెద్ద పుస్తకమైనా ఆ గడువును ఇంతకన్నా స్పష్టంగా చెప్పలేదు. ఒళ్లోని సంచి సర్దుకుని నా వైపు చూసింది. "మరి చీటీ రాలేదా?"

"రాలేదక్కా."

"సరే," అంది. అంతే. "మరి గప్పటిదాంక తొవ్వ తప్పినోళ్ల తలుపులు తెరిచే ఉన్నయ్ గదా?"

నాకప్పుడు తట్టింది. తప్పు పేర్లు తర్వాత కొన్నవి, వాటికింకా గడువుంది. అసలు పేరుకు మళ్లే ఆ రెంటినీ నేరుగా చీరల పేజీలకే తిప్పేశాను. ఆ పది రోజులూ మా పేరు సరిగ్గా రాసినవాళ్లు దారి తప్పారు, తప్పు రాసినవాళ్లు దుకాణానికి చేరారు.

పేర్లు కొన్నప్పుడు డీడీ పంపితే సరిపోయింది, గడువు దాటిన అసలు పేరును లేపాలంటే మాత్రం క్రెడిట్ కార్డు కావాలి. అప్పట్లో మాకు తెలిసినంతలో అది నాగర్‌కర్నూల్‌లో ఒక లెక్చరర్ సారు దగ్గరే ఉంది. ఆయన భార్య నాగమ్మ చీరలే కడుతుంది. ఇద్దరం బస్సెక్కాం. సారు ఆ కార్డును రుమాలులో చుట్టి, బియ్యం డబ్బాలో దాచి, డబ్బా మీద రోకలి పెట్టుకున్నాడు.

"అమ్మా, దీన్ని ఒక్కసారి గీకితే ఇల్లు పోతదంటరు. నాకు భయమైతుంది," అన్నాడు.

"సారూ, నీ ఇల్లు పోతే నా దుకాణంల ఉండు. నా పేరు పోతే నేనెక్కడ ఉండాలె?" అంది నాగమ్మ.

వంటింట్లోంచి భార్య రోకలి పక్కకు జరిపిన చప్పుడు వినిపించింది. అరగంటలో నాగర్‌కర్నూల్ బస్టాండు పక్క సెంటర్లో పేరుకు డబ్బు కట్టేశాం. చీరలు మళ్లీ తెర మీదికి వచ్చాయి. ఆమె తెర మీది 'డబ్ల్యూ'ను వేలితో తాకి, "లేచినయ్ రెండు కొమ్మలు," అని, కళ్లకద్దుకుంది. దుకాణానికి తిరిగొచ్చాక గోడ మీది క్యాలెండరులో ఆ తేదీకి కుంకుమ పెట్టింది. ఏటా ఆ రోజు నాకు చాయ్ పోస్తూ, "నా దినానికొచ్చిన తమ్ముడు," అని గిరాకీలకు పరిచయం చేసేది.

ఆమె నిజంగానే పోయి ఆరేళ్లయింది. ఆ కబురు నాకు ఫోన్లో "నాగమ్మ ఎక్స్‌పైర్డ్" అని వచ్చింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ముందు దుకాణం పేరు తెరిచి చూశాను. చీరలు కనపడ్డాయి. హమ్మయ్య అనుకున్నాను. ఆ తర్వాతే అర్థమైంది.

ఇప్పుడు దుకాణం చూస్తున్నది కూతురు సుజాత. ఈ పార్సిల్ పంపింది ఆమే. చీర మడతల్లో పాత కాగితం ఒకటుంది. "అమ్మ పెట్టెల దొరికింది అన్నా, నీది లెక్కనే ఉంది," అని చిన్న చీటీ కూడా పెట్టింది. కాగితానికి ఒక వైపు బాలస్వామి చేతిరాతలో గట్టు నేతగాళ్ల పేర్లు, తన చావు కబురు పుట్టిన రోజు నాగమ్మ తీసుకెళ్లిన జాబితా, పైన తేదీతో సహా. రెండో వైపు గడువు గుర్తుచేసే ఈమెయిల్, నా ప్రింటరులో అచ్చయింది. అందులో మా డొమైన్ పేరు మీద, సరిగ్గా 'డబ్ల్యూ' చుట్టూ, చీరల మీద ఆమె గుర్తు పెట్టే ఎర్ర పెన్సిలుతో సున్నా చుట్టి ఉంది.

ఇక నేను కల్పించింది ఏదో చెప్పాలి. చావుకు జిల్లా సగం రాలేదు, పదకొండు మంది వచ్చారు. బియ్యం డబ్బా మీద రోకలి లేదు, గిన్నె ఉంది. అవన్నీ పెంచినవి, కల్పించినవి కావు. పైన ఎక్కడో, ఎవరి కంటా పడకుండా, ఏ అలంకారమూ లేకుండా ఒక మాట రాశాను: గుర్తుచేసే చీటీ ఎందుకో నాకు రాలేదని. వచ్చింది. మూడుసార్లు వచ్చింది. మూడోది అచ్చు కూడా తీసి, రేపు చూద్దామని కీబోర్డు కింద పెట్టాను. అది చిత్తు కాగితాల్లో కలిసి కిందికి, బాలస్వామి చేతికి వెళ్లింది. అంటే, "మరి చీటీ రాలేదా?" అని అడిగిన సాయంత్రం ఆ కాగితం ఆమె సంచిలోనే ఉంది. "రాలేదక్కా" అన్నాను. "సరే" అంది.

ఈ ఏటి చీటీ నిన్న వచ్చింది. పెన్ను పట్టకముందే మూడు పేర్లకూ కట్టేశాను. ఇది మాత్రం సోలెడంటే సోలెడే.