పార్కు చెరువులో మా పెద్దమ్మ

మా నాన్న కలకత్తాలో కార్పొరేషన్ చెత్తబండి మీద పనిచేసేవాడు. అమ్మ అక్క, మా పెద్దమ్మ, భర్త పోయాక మాతోనే ఉంటూ ఆ బండ్లు కుమ్మరించే గుట్ట మీద ఇనుము, సీసాలు ఏరుకునేది. అందరం శ్రీకాకుళం వైపు వాళ్ళమే.

ఎర్రజెండా ప్రభుత్వం రోజులవి. గుట్ట పక్కన చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటు కట్టారు. జనం ముక్కు మూసుకోకుండా దాన్ని ఆనుకుని పార్కు వేశారు. పూలమొక్కలు, చెరువు, కాళ్ళతో తొక్కే పడవలు. గుట్టకు కంచె వేసి ఏరుకునేవాళ్ళను తరిమేశారు. పెద్దమ్మ మాత్రం కంచె కింద నుంచి దూరేది.

ఒక ఆదివారం ఆమెకు గంజి తీసుకెళ్ళి కంచె ఇవతల నుంచి పిలిచాను.

"ఉండే గుంటా, ఈ రేకు లాగీసి వస్తాను" అంది. మా వైపు ఆడపిల్లను గుంట అంటారు.

రేకు లాగగానే కింద రగులుతున్న చెత్త కుంగిపోయింది. పెద్దమ్మ మోకాళ్ళ దాకా దిగబడింది. పైకి వచ్చేసరికి చీరకు నిప్పంటుకుంది. కంచె దూరి తిన్నగా పార్కు చెరువు వైపు పరుగెత్తింది. నేను ఆమె వెనకాలే. గట్టు మీద కాపలావాడు లాఠీ అడ్డం పెట్టాడు. వాణ్ణి తోసేశాను. పెద్దమ్మ నీళ్ళలో పడింది.

వాడు జుట్టు పట్టుకుని ఆమెను బయటికి ఈడ్చాడు. పడవలో ఒకావిడ బెంగాలీలో, "ఇంక ఈ నీళ్ళలో పిల్లలు చెయ్యెలా పెడతారు?" అంది. టాక్సీలవాళ్ళు ఎక్కించుకోలేదు. చెత్తబండిలోనే ఆస్పత్రికి చేర్చాం.

మర్నాడు చెరువు తోడించారు. తోడినవాళ్ళలో మా నాన్న ఒకడు.

ఆ సాయంత్రమే మా బస్తీలో ఎర్రజెండా పార్టీ పెద్ద, అందరూ దాదా అని పిలిచేవాడు, ఆస్పత్రికి వచ్చాడు. "దీదీ, అది జనం కోసం కట్టిన పార్కు. పేపరువాళ్ళు అడిగితే ఇంట్లో స్టవ్ పేలిందని చెప్పండి" అన్నాడు.

పెద్దమ్మ నాన్న వైపు చూసింది.

"అలాగే సెప్పీ వదినా. నా పని పోద్ది" అన్నాడు నాన్న, తల ఎత్తకుండా.

అలాగే చెప్పింది. కాళ్ళు మాత్రం మళ్ళీ నిలబడలేదు. ఇంట్లోనే కూర్చుని వండేది. ఉన్న ఒక్క గదిలో నాన్నా, ఆమే చాలా ఏళ్ళు బతికారు గానీ, ఆమె ఆయనతో ఇంక మాట్లాడలేదు. ఆయన ఎదురుగా ఉన్నా నన్నే పిలిచేది.

"మీ నానకి సెప్పే, కూడు ఉడికిందని."

నేను చెప్పేదాన్ని. ఆయన వచ్చి తినేవాడు.