తిమోతి తాత మరణ సంవత్సరం

బెల్లం మార్కెట్లో కాటా వేసే తిమోతికి ఆ సాయంత్రం తన బతుకే తనకి అంతుపట్టకుండా పోయింది. వయసులో ఉన్నప్పుడు పూడిమడక బెస్తల మీద ఆయన రాసిన ఒకే ఒక్క కథని అనకాపల్లి కాలేజీవాళ్ళు ఈ ఏడు పాఠంగా పెట్టేరు. పక్కింటి అక్సా దాని మీద వ్యాసం రాసి, ఓసారి చూడమని తెచ్చింది.

"ఎండుచేపల గంప స్త్రీజాతి మౌనవేదనకు ప్రతీక" అని ఉంది అందులో.

"గంపంటే గంపేనే తల్లీ! మాయమ్మ నెత్తిన మోసేది."

"మేడమ్ అలాగే చెప్పేరు తాతా."

అంత చదువుకున్నావిడ చెప్పిందంటే నిజమేనేమో! రాసినప్పుడు తను ఏమనుకున్నాడో ఎంత తవ్వుకున్నా గుర్తు రాలేదు. కింద రచయిత జీవితం ఉంది. జననం, విద్య, రచనలు, కథ అచ్చయిన ఏడు. ఆఖర్న మరణం, దాని పక్కన ఖాళీ.

"నేనింకా సావలేదు కదే!" అని కసిరేడు.

"గైడులో అందరికీ ఉంటాది తాతా. వదిలేత్తే మార్కులు కోసేత్తారు. ఏటి రాయమంటావు?"

నవ్వాలో తిట్టాలో తెలీలేదు తిమోతికి. పెళ్ళయి కాటా దగ్గర చేరేక మళ్ళీ ఒక్క ముక్క రాసిన పాపాన పోలేదు. ఎందుకు రాయలేదో ఇప్పటికీ తెలీదు.

"కత అచ్చయిన ఏడు పైన రాసేవు కదా," అన్నాడు. "అదే ఇక్కడా ఏసెయ్."